పాత హాలీవుడ్ సినిమాల్లోని ఖరీదైన కార్లను గుర్తుపట్టడం ఎలా?

తెర మీద కనిపించిన కారుకు పేరు పెట్టాలంటే మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబు రావాలి. చాసిస్, అంటే ఇంజనునూ చక్రాలనూ మోసే కింది చట్రం, ఏ కంపెనీది? ఏ ఏడాది మోడల్? బాడీ ఎవరు కట్టారు? మొదటిదానికి జవాబు దొరకగానే "అది ప్యాకార్డ్" (అప్పటి ఖరీదైన అమెరికన్ కార్ల కంపెనీ) అని తేల్చేసి ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. 1920లు, 30ల నాటి ఖరీదైన కార్ల విషయంలో అది సగం జవాబు కూడా కాదు. ఆ రోజుల్లో డబ్బున్నవాళ్ళు కంపెనీ దగ్గర ఇంజను, చాసిస్, రేడియేటర్, బానెట్ వరకే కొని, మిగతాది ఇంకొకరి చేత కట్టించుకునేవారు. లారీ చాసిస్ తెచ్చి విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించినట్టే. కాబట్టి ముందు అద్దానికి ముందున్నది కంపెనీ పని, వెనకున్నది చాలాసార్లు బాడీ బిల్డర్ పని. రెండిటినీ కలిపి చూస్తే తికమక తప్పదు. విడదీసి చూడండి.

1. ముందు మంచి ఫ్రేమ్ సంపాదించండి

టాకీ సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమ్ మీద వెలుతురు పడేది సుమారు సెకనులో 48వ వంతు. వేగంగా పోయే కారు అందుకే అలికినట్టు కనిపిస్తుంది. కారు ఆగే క్షణం, మలుపు తిరిగే క్షణం పట్టుకోండి. మలుపులో ముందు భాగం, ఒక పక్క రెండూ ఒకే ఫ్రేములో దొరుకుతాయి. వీఎల్‌సీ ప్లేయర్‌లో సినిమా ఆపి ఇంగ్లీషు "ఇ" అక్షరం మీట నొక్కుతూ పోతే ఫ్రేమ్ తరవాత ఫ్రేమ్ కదులుతుంది. విండోస్ కంప్యూటర్‌లో షిఫ్ట్ పట్టుకుని "ఎస్" నొక్కితే ఆ ఫ్రేమ్ బొమ్మగా సేవ్ అవుతుంది. ముందు నుంచి ఒకటి, సరిగ్గా పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, ఈ మూడూ ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

ఫ్రేమ్ చేతికి రాగానే రెండు పరీక్షలు చేయండి. పక్క నుంచి తీసిన ఫ్రేములో చక్రం అడ్డం, నిలువు పిక్సెళ్ళలో కొలవండి. రెండూ సమానంగా రాకపోతే బొమ్మ సాగిందన్నమాట. డీవీడీ నుంచి తీసిన బొమ్మల్లో ఇది మామూలే. చక్రం గుండ్రంగా వచ్చేదాకా బొమ్మ వెడల్పు సరిచేసి, ఆ తరవాతే మిగతా కొలతలకు వెళ్ళండి. రెండోది అద్దం పరీక్ష. ఎడిటింగ్‌లో కొన్ని షాట్లను తిరగేసి వాడేవారు. నంబర్ ప్లేటు అంకెలు, దుకాణాల బోర్డులు తిరగబడి ఉన్నాయేమో చూడండి. స్టీరింగ్ కుడివైపు ఉంది కదా అని బ్రిటిష్ కారు అనేయకండి. అమెరికాలోనే పియర్స్-యారో కంపెనీ 1920 దాకా కుడివైపు స్టీరింగ్‌తోనే కార్లు అమ్మింది.

కారు లోపల మాట్లాడుకునే దృశ్యాలను పక్కన పెట్టండి. అవి ఎక్కువగా స్టూడియోలో, వెనక తెర మీద రోడ్డు బొమ్మ ఆడిస్తూ, కోసిన కారులో తీసినవి. బయట కనిపించే కారు ఒకటి, లోపలి డాష్‌బోర్డు ఇంకొకటి కావచ్చు. డాష్‌బోర్డు ఒక్కదాన్నే చూసి మోడల్ చెప్పడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు.

2. ఏడాదికి పై హద్దు, కింది హద్దు వేయండి

పై హద్దు షూటింగ్ జరిగిన నెల. విడుదల తేదీ కాదు, కథ జరిగే కాలం అసలే కాదు. అమెరికాలో కొత్త మోడల్ ముందు ఏడాది శరదృతువులోనే షోరూములకు వచ్చేది. 1940 నవంబరులో తీసిన సినిమాలో 1941 మోడల్ కనిపిస్తే అందులో తప్పేం లేదు. ఇంకో గట్టి గీత కూడా ఉంది. 1942 ఫిబ్రవరిలో యుద్ధం కోసం అమెరికా మామూలు కార్ల తయారీ ఆపేసింది. మళ్ళీ మొదలైంది 1945లో. ఆ మధ్య తీసిన ఏ సినిమాలోనైనా అమెరికన్ కారు 1942 మోడలో, అంతకు ముందుదో అయి తీరాలి.

కింది హద్దు వేయడానికి రేకును చదవాలి. ముందు చక్రాలకు బ్రేకు డ్రమ్ములు ఉన్నాయా చూడండి. ఖరీదైన అమెరికన్ కార్లకు అవి 1923, 24 ప్రాంతంలో మామూలయ్యాయి. మడ్‌గార్డుకు పక్కన అంచు కిందికి దిగి లోపలి భాగాన్ని కప్పేస్తుంటే 1932ది లేదా ఆ తరవాతిది. ఆ ఏడాది గ్రాహమ్ కంపెనీ మొదలుపెట్టింది, మరుసటేడు మిగతావాళ్ళూ పట్టుకున్నారు. పై నుంచి తీసిన షాట్ దొరికితే వదలకండి. టాపు మధ్యలో గుడ్డ అతికించిన నల్లటి చతురస్రం ఉంటే పాత పద్ధతి. జనరల్ మోటార్స్ 1935 మోడళ్ళతో టాపు మొత్తం ఒకే ఉక్కు రేకుగా నొక్కడం మొదలుపెట్టాక ఆ అతుకు క్రమంగా మాయమైంది. ఫుట్‌బోర్డు 1930ల చివర్లో సన్నబడి, 1940 తరవాత తలుపు కిందికి వెళ్ళిపోయింది.

హెడ్‌లైట్లు మంచి సాక్షులు. 1940 మోడళ్ళ నుంచి అమెరికన్ కార్లన్నిటికీ 7 అంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్ దీపాలే, అంటే బల్బు, అద్దం కలిపి ఒకే ముక్కగా మూసేసినవి. నాలుగు హెడ్‌లైట్లు కనిపిస్తే 1957 లేదా ఆ తరవాత. అయితే పాత కారుకు యజమాని తరవాత కొత్త దీపాలు పెట్టించుకోవడం చాలా ఎక్కువ. కాబట్టి 1930ల కారు మీద సీల్డ్ బీమ్ కనిపిస్తే అది కారు వయసు చెప్పదు, సినిమా 1939 చివర్లోనో ఆ తరవాతో తీశారని మాత్రం చెబుతుంది. వెనక రెక్కలు 1948 క్యాడిలాక్‌తో మొదలు. అంతకు ముందు నుంచీ, 1941 నుంచే, క్యాడిలాక్ ఎడమవైపు టెయిల్ లైటు ఎత్తితే కింద పెట్రోలు మూత ఉంటుంది. పెట్రోలు బంకు దృశ్యం వస్తే పనివాడి చెయ్యి ఎక్కడికి వెళ్తుందో గమనించండి.

నంబర్ ప్లేటును చివరి సాక్షిగా పిలవండి. కాలిఫోర్నియా 1941 దాకా ఏటా కొత్త ప్లేటు ఇచ్చేది, దాని మీద ఏడాది అంకె ఉండేది. అది చదవగలిగితే షూటింగ్ కాలానికి ఆధారం దొరుకుతుంది. కానీ స్టూడియోలు కథ కోసం దొంగ ప్లేట్లు తయారుచేసుకునేవి. ప్లేటు, రేకు వేర్వేరు మాటలు చెబితే రేకునే నమ్మండి.

3. రేడియేటర్ చూసి కంపెనీ చెప్పండి

ప్యాకార్డ్‌ను గుర్తుపట్టేది రేడియేటర్ పై అంచుతో. రెండు పక్కలా భుజాల్లా వంగి, ఆ వంపు గీతలు బానెట్ మీదుగా వెనక్కి సాగుతాయి. దశాబ్దాలపాటు దాన్ని వాళ్ళు వదల్లేదు. చక్రం మధ్య కప్పులో ఆరు భుజాల గుర్తు ఉంటుంది. అసలు రంగు ఎరుపు, నలుపు-తెలుపులో ముదురు బూడిద రంగుగా కనిపిస్తుంది. ఇక్కడొక ఉచ్చు ఉంది. 1935లో ప్యాకార్డ్ తక్కువ ధరకు వన్ ట్వంటీ అనే మోడల్ తెచ్చింది. రేడియేటర్ పోలిక పెద్ద ప్యాకార్డ్‌లదే. ముందు నుంచి చూసి ట్వెల్వ్ (12 సిలిండర్ల పెద్ద ప్యాకార్డ్) అనేస్తే తప్పయిపోతుంది. పక్క ఫ్రేములో బానెట్ పొడవు, చక్రాల మధ్య దూరం చూడాలి.

పియర్స్-యారోకు హెడ్‌లైట్లు మడ్‌గార్డుల్లోంచే మొలిచినట్టు ఉంటాయి. 1910ల నుంచే అలా చేశారు. వేరుగా నిలబడే దీపాలు కోరుకున్న కొనుగోలుదారులకు అలాగూ ఇచ్చారు గనక, ఆ పోలిక లేదని కొట్టిపారేయకండి. కార్డ్ 810, 812 మోడళ్ళను ఎవరూ పొరబడరు: ముందు రేడియేటరే కనిపించదు, శవపేటిక ఆకారపు ముక్కు చుట్టూ అడ్డ గీతలు, మడ్‌గార్డుల్లో దాగిన హెడ్‌లైట్లు, ఫుట్‌బోర్డు లేదు. ఇవి 1936, 37 మోడళ్ళు మాత్రమే.

రోల్స్ రాయిస్ గుడి ముఖం లాంటి రేడియేటర్ అందరికీ తెలుసు. అమెరికాలో కనిపించిన ప్రతిదీ ఇంగ్లండ్ నుంచి రాలేదన్నది తక్కువమందికి తెలుసు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1921 నుంచి 1931 దాకా రోల్స్ రాయిస్ సొంత కర్మాగారం నడిపింది. ఎడమవైపు స్టీరింగ్, గొట్టాల బంపర్లు కనిపిస్తే స్ప్రింగ్‌ఫీల్డ్ కారేమో అనుకోవాలి. హైదరాబాద్ దగ్గర్లో ఉన్నవాళ్ళు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళి నిజాం కోసం బార్కర్ వాళ్ళు బాడీ కట్టిన పసుపు రంగు సిల్వర్ గోస్ట్‌ను దగ్గరగా చూడండి. రేడియేటర్ అంచులు, బానెట్ మీద రివెట్లు, బాడీ ఎక్కడ మొదలవుతుందో ఒకసారి కంటితో చూస్తే తెర మీద గుర్తుపట్టడం ఎంతో తేలికవుతుంది.

రేడియేటర్ మూత మీది బొమ్మలను మాత్రం ఆధారం చేసుకోకండి. హిస్పానో-సుయిజాకు కొంగ, లింకన్‌కు వేటకుక్క, పియర్స్-యారోకు విలుకాడు నిజమే. కానీ అవి మర ఊడదీసి ఇంకొకటి బిగించుకునేవి. బొమ్మ, రేడియేటర్ ఒకే మాట చెప్పినప్పుడే లెక్కలోకి తీసుకోండి.

4. డ్యూసెన్‌బర్గ్ అనిపిస్తే కొలవండి

పొడవాటి కారు కనిపిస్తే చాలు డ్యూసెన్‌బర్గ్ (అప్పట్లో చాలా ఖరీదైన అమెరికన్ కారు) అనేయడం అలవాటైపోయింది. 1928లో వచ్చిన మోడల్ జె మొత్తం తయారైనవి 500 లోపే. బానెట్ పక్కనుంచి బయటికి వచ్చే మెరుపు గొట్టాలు సూపర్‌చార్జర్ (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు) ఉన్న ఎస్‌జె మోడల్‌వే. అయితే మామూలు జె కార్లకూ ఆ గొట్టాలు తరవాత బిగించినవి బోలెడు. గొట్టాలు చూసి ఎస్‌జె అని రాయకండి, "జె, బయటి గొట్టాలతో" అని రాయండి. గొట్టాలున్నంత మాత్రాన డ్యూసెన్‌బర్గే అనుకోవడానికీ లేదు. కార్డ్ 812 సూపర్‌చార్జ్‌డ్, మెర్సిడెస్ 540కె కార్లకూ అవి ఉన్నాయి.

మోడల్ జె రెండు పొడవుల్లో వచ్చింది. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు 142.5 అంగుళాలు ఒకటి, 153.5 అంగుళాలు ఇంకొకటి. తొలి కార్ల టైరు కొలత 7.00-19. అంటే 19 అంగుళాల రిమ్ముకు పైనా కిందా ఏడేసి అంగుళాలు, మొత్తం ఎత్తు సుమారు 33. పొట్టి చాసిస్‌లో చక్రాల మధ్య దూరాన్ని టైరు ఎత్తుతో భాగిస్తే 4.3 వస్తుంది, పొడవు చాసిస్‌లో 4.65. మీ ఫ్రేములో టైరు ఎత్తు 200 పిక్సెళ్ళు ఉంటే, చక్రాల మధ్య 860 దగ్గర వస్తే పొట్టిది, 930 దగ్గర వస్తే పొడవుది. టైరు కొలతలో 5 పిక్సెళ్ళు తప్పినా 4.2, 4.4 మధ్యే తిరుగుతుంది, జవాబు మారదు. కారు కొంచెం వాలుగా నిలబడితే మాత్రం దూరం తగ్గి పొడవుది పొట్టిదిగా కనిపిస్తుంది. అందుకే సరిగ్గా పక్క ఫ్రేమ్ కావాలన్నది. తరవాతి కార్లకు 17 అంగుళాల రిమ్ములు వచ్చాయి గనక ఏ టైరుతో భాగించారో లెక్క పక్కనే రాసిపెట్టుకోండి.

5. ఇప్పుడు బాడీ

ముందుగా ఆకారం చెప్పండి. డ్రైవర్ నెత్తిన కప్పు లేక, వెనక యజమాని గది మాత్రం మూసి ఉంటే టౌన్ కార్. టాపు తెరిచి ఉండి, వెనక సీటుకు విడిగా రెండో అద్దం ఉంటే డ్యూయల్ కౌల్ ఫేటన్. ఇద్దరి సీటు వెనక మూత తీస్తే ఇంకో ఇద్దరు కూర్చునేలా ఉంటే డిక్కీ సీటున్న కూపే. ఆ తరవాతే బిల్డర్ పేరు.

హాలీవుడ్‌కు దగ్గర్లో, పాసడీనాలో ఉన్న మర్ఫీ కంపెనీ డ్యూసెన్‌బర్గ్ చాసిస్‌లకు చాలా బాడీలు కట్టింది. ముందు అద్దం పక్క స్తంభాలు బాగా సన్నగా ఉంచడం వాళ్ళ ప్రత్యేకత. 1932లో అది మూతపడ్డాక అక్కడి పనివాళ్ళే బోమన్ అండ్ ష్వార్ట్జ్ పేరుతో కొనసాగించారు. 1937 సినిమా "టాపర్"లోని విచిత్రమైన కారు వాళ్ళ పనే. కింద ఉన్నది 1936 బ్యూక్ రోడ్‌మాస్టర్ చాసిస్. ఆ ముఖాన్ని ఏ బ్యూక్ కేటలాగులో వెతికినా దొరకదు. రేడియేటర్‌తో ఏ కంపెనీకీ పోలిక కుదరకపోతే మీ కంటిని అనుమానించకండి. సినిమా కోసమే కట్టిన కారేమో వెతకండి.

రంగు చెప్పేటప్పుడు ఆగండి. 1920ల మధ్య దాకా వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించదు. ఎర్ర కారు నల్లగా, నీలం కారు తెల్లగా వస్తుంది. మూకీ సినిమా చూసి "నల్ల కారు" అని రాస్తే అది ఎర్రదయ్యే అవకాశం బాగానే ఉంది.

6. మూడు కార్ల మీద ఈ పద్ధతి

"వెర్టిగో"లో కిమ్ నోవాక్ నడిపే ఆకుపచ్చ జాగ్వార్ తీసుకోండి. ఒకే పోలికలో మూడు మోడళ్ళున్నాయి: మార్క్ 7, మార్క్ 8, మార్క్ 9. ముందు అద్దం రెండు ముక్కలుగా మధ్యలో పట్టీతో ఉంటే మార్క్ 7. ఈ కారుకు ఒకే ముక్క, గ్రిల్ చుట్టూ మందపాటి క్రోమ్, పక్కన వంపుగా సాగే క్రోమ్ పట్టీ. కాబట్టి 7 కాదు. 8కీ 9కీ బయటి పోలిక దాదాపు ఒకటే, ఫ్రేములు ఎంత పెద్దవి చేసినా తేలదు. అక్కడ పై హద్దు పనికొస్తుంది. షూటింగ్ 1957 చివర్లో జరిగింది, మార్క్ 9 బయటికొచ్చింది 1958 అక్టోబరులో. అందుకని మార్క్ 8. కన్ను తేల్చలేని దాన్ని తేదీ తేల్చింది.

"ది గాడ్‌ఫాదర్"లో టోల్ గేటు దగ్గర డాన్ పెద్ద కొడుకు సన్నీ కారు లింకన్ కాంటినెంటల్. డిక్కీ వెనక బయటికి నిలబెట్టిన స్టెప్నీ చూస్తే కాంటినెంటల్ అని తెలిసిపోతుంది. ఏడాది కోసం ముందు గ్రిల్ చూడండి. మొనదేలిన ముక్కుకు రెండు పక్కలా సన్నటి నిలువు పుల్లలుంటే 1940 లేదా 41. 1942లో మడ్‌గార్డులు పెట్టెల్లా బరువెక్కి, గ్రిల్ అడ్డంగా వెడల్పైంది. యుద్ధం తరవాతివి ఇంకా మోటుగా ఉంటాయి. మిగిలిన రెండేళ్ళను విడదీసేది తలుపు పిడి. 1940లో తిప్పే పిడి, 1941లో దాని చోట నొక్కే బొత్తం. సన్నీది 1941 కారు. సినిమా 1972లో వచ్చింది, కథలో ఆ దృశ్యం 1940ల చివరిది. ఆ కాలానికి ఏడెనిమిదేళ్ళ పాత కారు రోడ్డు మీద తిరగడం సహజమే, కాబట్టి ఇది తప్పు కాదు. దీనికి ఎదురు ఉదాహరణ 1974 "ది గ్రేట్ గాట్స్‌బీ". కథ 1922లో జరుగుతుంది, పసుపు రోల్స్ రాయిస్ 1928 నాటి ఫాంటమ్ 1. కథ కంటే కారు కొత్తది. కథా కాలాన్ని పై హద్దుగా పెట్టుకున్నవాళ్ళు దాన్ని అంతకు ముందు మోడలైన సిల్వర్ గోస్ట్ అని రాసి దెబ్బతింటారు.

మూడోది "సన్‌సెట్ బూలవార్డ్". కథానాయిక నార్మా డెస్మండ్ కారు పేరు సంభాషణలోనే వస్తుంది: ఇటలీ కంపెనీ ఇసోటా ఫ్రాస్కీని, ధర 28 వేల డాలర్లు. పేరు చెప్పేశారు కదా అని ఆగితే మొదటి ప్రశ్న దగ్గరే ఆగినట్టు. అది టైపో 8ఎ చాసిస్, ఎనిమిది సిలిండర్లు వరసగా ఉన్న 7.4 లీటర్ల ఇంజను. బాడీ మిలాన్‌లోని కాస్టాన్యా వాళ్ళది, 1929 నాటిది. డ్రైవర్ సీటు ఆరుబయట, వెనక ఆమె గది మూసి ఉంటుంది. డ్రైవర్ పాత్ర వేసిన ఎరిక్ వాన్ స్ట్రోహైమ్‌కు కారు నడపడం రాదు. వేరే బండితో లాగించి ఆ షాట్లు తీశారు. ఆ కారు ఇప్పుడు ఇటలీలో, ట్యూరిన్ జాతీయ ఆటోమొబైల్ మ్యూజియంలో ఉంది.

7. సరిచూసుకుని రాసిపెట్టండి

ఐఎంసీడీబీ (ఇంటర్నెట్ మూవీ కార్స్ డేటాబేస్) వెబ్‌సైట్‌లో సినిమా పేరుతో వెతికితే అందులోని కార్ల ఫ్రేములు కనిపిస్తాయి. అక్కడి పేరు మీరు వేసిన హద్దుల్లో పడుతుందో లేదో చూడండి, పడకపోతే ఎవరి ఆధారం గట్టిదో తేల్చుకోండి. ఆ ఏడాది కంపెనీ వేసిన అమ్మకపు కరపత్రాల స్కానింగులు రేకు వివరాలకు అన్నిటికంటే నమ్మదగినవి. ఇప్పటి మ్యూజియం ఫొటోలను తరవాత చూడండి, ఎందుకంటే మరమ్మతుల్లో దీపాలు, చక్రాలు, రంగు మారిపోయి ఉంటాయి.

వేలంలో "ఫలానా సినిమాలో వాడిన కారు" అని కనిపిస్తే, అదే మోడలా, అదే కారా అని విడదీయండి. బానెట్ పక్క గాలి చీలికలు లెక్కపెట్టండి, తలుపు కీళ్ళు ఎటువైపున్నాయో, పక్క దీపం ఎక్కడ బిగించారో సినిమా ఫ్రేముతో పోల్చండి. అన్నీ కలిసినా అది అదే మోడల్ అనేదాకే వచ్చినట్టు. చాసిస్ నంబరుతో కూడిన స్టూడియో కాగితం ఉంటేనే అదే కారు.

రాసుకునేటప్పుడు ఒక్కో జవాబు పక్కన దాని ఆధారం పెట్టండి. ఉదాహరణకు: "లింకన్ కాంటినెంటల్, వెనక స్టెప్నీని బట్టి. 1941, తలుపు బొత్తాన్ని బట్టి. కూపే, కదలని టాపును బట్టి." ఆధారం లేని గడిని ఖాళీగా వదిలేయండి. మంచి ప్రింటు వచ్చినప్పుడు ఆ గడి ఒక్కటి నింపితే సరిపోతుంది, మొత్తం మళ్ళీ మొదలుపెట్టక్కర్లేదు.